నీడను కోరు తాళజాతి మొక్క

తాటిని, ఈతను ఎరుగని విద్యార్థి జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో ఉండడు. తెలుగున తాడి యన్నను, ఉర్దూలో తాడ్ అన్నను, మన కన్నులకు కట్టునది మండుటెండలో నిలిచిన చెట్టే. కాని ఆ కుటుంబముననే పెద్ద చెట్ల నీడలో బ్రతుకు చిన్న మొక్కలును కలవు. వానిలో 'పార్లర్ పామ్' ప్రసిద్ధమైనది. దీని శాస్త్రీయ నామము కెమిడోరియా ఎలిగాన్స్. గ్రీకు భాషలో 'కెమిడోరియా' అనగా నేలకు దగ్గరగా లభించు కానుక. పండ్లు చేతికందు ఎత్తున ఉండుటచే ఆ పేరు వచ్చినది.

నేడు కళాశాలలలో ఇట్టి మొక్కలను కొనుట సాధారణమైనది. వార్షికోత్సవ వేదికను అలంకరించిన పచ్చని కుండీ, వేసవి సెలవులు ముగియునప్పటికి ఎండిపోవుటయు అంతే సాధారణము. ధనవ్యయ మొక యెత్తు. మనము తెచ్చుకొన్న ప్రాణి మన అజ్ఞానముచే నశించుట మరియొక యెత్తు. కావున దాని స్వభావమును కొంత వివరింప దలచితిమి.

దీని పుట్టినిల్లు మెక్సికో, గ్వాటెమాలా దేశముల వానయడవులు. అచ్చట నేల ఆకుల ఎరువుతో గుల్లగా నుండును. గాలిలో తేమ యుండును. ఎండ కొమ్మల సందున జల్లెడ పట్టినట్లు దిగును. ఈ మూడింటిని గుర్తుంచుకొన్నచో పోషణ యంతయు తెలిసినట్లే.

మొదటిది వెలుతురు. నీడయనగా చీకటి కాదు. పగటివేళ దీపము లేక పుస్తకము చదువుకొనగల తావు ఈ మొక్కకు తగినది. ఉత్తరపు కిటికీ చెంత ఉంచుట శ్రేష్ఠము. పడమటి ఎండ నేరుగా తాకినచో ఆకులు మాడును.

రెండవది నీరు. ఇట్టి మొక్కలు దాహముచే కన్న అధిక జలముచే వేళ్లు కుళ్లి చచ్చుట తరచు. వ్రేలిని ఒక కణుపు వరకు మట్టిలో దించి, పొడిగా నున్నప్పుడే నీరు పోయవలెను. కుండీ అడుగున రంధ్రము తప్పక యుండవలెను. నల్లరేగడి నీటిని పట్టి యుంచును గనుక పనికిరాదు. ఎర్రమట్టి, ఇసుక, కొబ్బరిపొట్టు, బాగుగా మాగిన పశువుల ఎరువు కలిపిన మిశ్రమము మేలు. బోరు నీటిలోని లవణములు పేరుకొన్నచో ఆకుల కొనలు గోధుమవన్నె దాల్చును; వాననీరు దొరకినప్పుడు దానినే వాడవలెను.

మూడవది గాలి. అలంకార మొక్కలు అనేకము తూర్పు గోదావరి జిల్లా కడియము నర్సరీలనుండి వచ్చును. ఆ డెల్టా తేమగాలికి అలవడిన మొక్క, వేసవిలో 45 డిగ్రీలను తాకు మన పొడిగాలిని ఒక్కమారుగా తాళజాలదు. అందుచే వానకాలమున కొని తెచ్చి, వేసవి లోపల అలవాటు చేయుట వివేకము. స్లాబు కింది పై అంతస్తు గదికన్న క్రింది గది నయము. పొడిగాలిలో ఆకుల అడుగున ఎర్రనల్లి చేరును. తడిగుడ్డతో తుడిచిన తొలగును. మరమగ్గముల సిరిసిల్లలో ఆకులపై పడు నూలు నుసికిని ఇదియే ఉపాయము.

ఇక మరువరాని విషయ మొకటి కలదు. గులాబిని కత్తిరించినచో క్రొత్త కొమ్మలు వేయును. ఈ మొక్క కాండమునకు పెరుగు స్థాన మొక్కటే. అది కొనయందలి మొవ్వు. దానిని త్రుంచినచో ఆ కాండము మరల చిగురింపదు. ఈతచెట్టున కల్లు గీయువారు మొవ్వుకు గాయము తగులనీయకుండుట ఇందుకే. ఎండిన అడుగు ఆకులను మాత్రమే తీయవలెను. ఒక కుండీలో గుంపుగా కానవచ్చునవి పెక్కు విడి మొక్కలు. వేళ్లు తెగును గనుక వానిని విడదీయరాదు.

ఈ మొక్కలు గదిలోని విషవాయువులను హరించునను ప్రచారము కలదు. 1989లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా మూసిన చిన్న పెట్టెలలో జరిపిన ప్రయోగములే దానికి మూలము. ఆ తరువాతి ప్రయోగములను కూడ పరిశీలించి 2019లో వెలువడిన సమీక్ష, కిటికీల గాలితో సమానమైన ఫలితమునకు చదరపు మీటరుకు 10 మొదలు 1000 మొక్కలు కావలెనని తేల్చినది. కావున గాలికై కిటికీ తెరువవలెను. కంటికి చలువకై, జీవశాస్త్ర పాఠమునకై మొక్కను పెంచవలెను.

కళాశాల కమిటీ వారికి మా విన్నపము: పది కుండీలు కొనుటకన్న రెండింటిని కొని బ్రతికించుట మిన్న. ఒక్కొక్క కుండీని ఇద్దరు విద్యార్థులకు అప్పగింపవలెను; వారిలో ఒకరు ఈ ఊరివారై యుండవలెను. ఏలయన, మే మాసమున కళాశాల మూతపడును గాని మొక్క దప్పికకు సెలవు లేదు.