వడదెబ్బ వెనుక కథ రాసేదెవరు?

ఎండల గురించి మనకు ఎవరూ చెప్పక్కర్లేదని ఫీనిక్స్‌లో స్థిరపడ్డ తెలుగువాళ్లం అనుకుంటాం. రెంటచింతల, రామగుండం పేర్లు వింటూ పెరిగినవాళ్లం కదా! కానీ 2023లో ఇక్కడ జూన్ 30 నుంచి జులై 30 దాకా వరుసగా 31 రోజులు పగటి ఎండ 110 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు, అంటే 43 సెల్సియస్‌కు తగ్గలేదు. మధ్యలో వరుసగా 16 రాత్రులు 90 ఫారెన్‌హీట్ కిందికి దిగలేదు. ఆ ఏడాది మారికోపా కౌంటీలో వేడికి 645 మంది చనిపోయారు.

ఈ లెక్క కౌంటీ ఆరోగ్య శాఖదే. వేసవిలో వారం వారం విడుదల చేస్తుంది. రోజంతా డ్యాష్‌బోర్డులు చూసే ఉద్యోగం నాది. అంకె మారితే ఏదో తేడా ఉందని తెలుస్తుంది గానీ, ఎందుకో తెలియాలంటే లోపలికి వెళ్లి తవ్వాల్సిందే. ఇక్కడ ఆ తవ్వే పని స్థానిక విలేకరులు చేస్తున్నారు.

2018 సెప్టెంబరులో ఫీనిక్స్ శివారు సన్ సిటీ వెస్ట్‌లో 72 ఏళ్ల మహిళ తన ఇంట్లోనే చనిపోయారు. సుమారు 51 డాలర్ల బాకీకి కరెంటు తీసేయడంతో ఏసీ ఆగిపోయింది. నెలల తర్వాత, 2019 జూన్‌లో, స్థానిక పత్రిక ‘ఫీనిక్స్ న్యూ టైమ్స్’ ఈ సంగతి రాసింది. జనం మండిపడ్డారు. ఆ నెలలోనే అరిజోనా కార్పొరేషన్ కమిషన్ తన పరిధిలోని విద్యుత్ కంపెనీలు వేసవిలో బకాయిల పేరుతో కరెంటు తీయకుండా అత్యవసర నిబంధన తెచ్చింది. లెక్కల్లో ఒక అంకెగా మిగలాల్సిన మరణం వేల ఇళ్లకు రక్షణ అయింది.

మన ఇళ్లలో పొద్దున్నే తెలుగు పేపరు తెరుస్తాం. ఉన్న ఊరి పేపరుకు చందా కట్టేవాళ్లు తక్కువే. వేసవిలోనే అమ్మానాన్నలు ఇక్కడికి వస్తారు. మనం ఆఫీసుకెళ్తే పగలంతా వాళ్లే ఇంట్లో ఉంటారు. ఇక్కడి పొడి గాలికి చెమట పట్టినట్టే తెలియదు, ఒంట్లో నీరు మాత్రం పోతూనే ఉంటుంది. ఏసీ ఉన్నా పనిచేయక ఇంట్లోనే ప్రాణాలు పోయినవాళ్లు ఎందరో ఉన్నారని కౌంటీ నివేదికలు చెబుతున్నాయి.

అందుకే మా ఇంట్లో కొన్ని పద్ధతులు పెట్టుకున్నాం. ఎండలు ముదరకముందే ఏసీ చూపిస్తాం. అది ఆగిపోతే ఏ స్నేహితుల ఇంటికి వెళ్లాలో పెద్దవాళ్లకు ముందే చెప్పి ఉంచుతాం. సాయంత్రం నడకను తెల్లవారుజాముకు మార్చాం. చల్లదనం దొరికే కేంద్రాల వివరాలకు 211 నంబరుకు ఫోన్ చేయొచ్చని ఫ్రిజ్ మీద తెలుగులో రాసి అంటించాం. ఊరి పేపరుకు చందా కూడా కట్టాం. మీరున్న ఊళ్లోనూ ఒక పేపరు ఉండే ఉంటుంది, ఈ వేసవిలో దాన్నీ తెరిచి చూడండి.