చేతులు మారిన విడుదల తేదీ

కొవిడ్ రెండేళ్లలో తెలుగు సినిమా కోల్పోయినదేమిటి, కొత్తగా అలవరచుకున్నదేమిటి?

తెలుగు సినిమా వ్యాపారమంతా విడుదల తేదీ మీద నడుస్తుంది. సంక్రాంతికా, ఉగాదికా, వేసవి సెలవులకా, దసరాకా అన్నది తేలితేనే బయ్యర్లు అడ్వాన్సులు కడతారు, ఎగ్జిబిటర్లు థియేటర్లు కేటాయిస్తారు, ఫైనాన్షియర్లు తమ బాకీ ఏ రోజుకు వసూలవుతుందో చూసుకుంటారు. విడుదల ముందు రోజు రాత్రి లెక్కలన్నీ సర్దుబాటైతేనే మర్నాడు బొమ్మ పడుతుంది. నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర మొదలుకొని నెల్లూరు దాకా ఏరియాలవారీ అమ్మకాలు, ఆ తర్వాత టీవీ హక్కులు, చివరికి డిజిటల్ హక్కులు: వరుస ఇలా ఉండేది. ఈ వరుసలో మొదటి మెట్టు థియేటర్. అది మూతపడితే మిగతావన్నీ ఏమవుతాయన్న ప్రశ్న 2020 మార్చి వరకు ఎవరికీ ఎదురుకాలేదు.

ఉగాదినాడే తాళం

2020 ఆరంభం ఘనంగా జరిగింది. సంక్రాంతికి ఒక్కరోజు తేడాతో వచ్చిన ‘సరిలేరు నీకెవ్వరు’, ‘అల వైకుంఠపురములో’ రెండూ భారీ వసూళ్లు సాధించాయి. రెండు నెలలు గడిచేసరికి పరిస్థితి తలకిందులైంది. మార్చి 14న తెలంగాణ ప్రభుత్వం థియేటర్ల మూసివేతను ప్రకటించింది. కొద్ది రోజులకే ఆంధ్రప్రదేశ్‌లోనూ ప్రదర్శనలు ఆగాయి. మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ మొదలైంది.

ఆ రోజే ఉగాది. దిల్ రాజు నిర్మించిన ‘వి’ థియేటర్లకు రావలసిన రోజు కూడా అదే. అల్లు అరవింద్ ఆధ్వర్యంలో తెలుగుకే ప్రత్యేకమైన ఓటీటీ వేదిక ‘ఆహా’ పూర్తిస్థాయిలో ప్రారంభమైందీ ఆనాడే. ఆ వేదిక ఆలోచన కొవిడ్‌కు ముందే పుట్టింది. ఫిబ్రవరిలోనే అది ప్రయోగాత్మకంగా మొదలైంది. ప్రేక్షకుడు ఇల్లు కదలలేని కాలం దానికి అనుకోకుండా కలిసొచ్చింది.

షూటింగులు ఆగడంతో మొదట నష్టపోయింది రోజు కూలీ మీద బతికే 24 శాఖల కార్మికులు. వారికి నిత్యావసరాలు అందించడానికి చిరంజీవి చొరవతో ‘కరోనా క్రైసిస్ చారిటీ’ ఏర్పడింది. తర్వాతి ఏడాది అదే సంస్థ సినీ కార్మికులకు టీకాలూ వేయించింది. థియేటర్లలో ఆపరేటర్లు, గేట్‌మెన్, క్యాంటీన్ పనివాళ్లు, సైకిల్ స్టాండ్ కాంట్రాక్టర్లు ఉపాధి పోగొట్టుకున్నారు. ప్రదర్శనలు లేకపోయినా యజమానికి కరెంటు కనీస చార్జీలు, ఆస్తిపన్ను తప్పలేదు. ప్రొజెక్టరు, ఏసీ పాడైపోకుండా చూసుకునే ఖర్చు వాటికి అదనం. ఫిక్కీ-ఈవై నివేదిక ప్రకారం 2019లో 19,100 కోట్ల రూపాయలున్న భారతీయ సినిమా రంగం ఆదాయం 2020లో 7,200 కోట్లకు పడిపోయింది.

ఇంట్లో కూర్చున్న ప్రేక్షకుడు సినిమా చూడటం మాత్రం మానలేదు. 2020 ఆగస్టులో ‘అల వైకుంఠపురములో’ తొలిసారి టీవీలో ప్రసారమైనప్పుడు వచ్చిన 29.4 రేటింగ్ తెలుగు బుల్లితెరపై అప్పటికి రికార్డు. చూసేవారు ఉన్నారు, చూపించే చోటే లేదు. ఆ ఖాళీలోకి ఓటీటీ వచ్చింది.

వడ్డీ చేసిన నిర్ణయం

పూర్తయిన సినిమాను దాచుకుంటే నష్టమేమిటన్నది వడ్డీ లెక్క వేస్తే తెలుస్తుంది. నిర్మాణానికి డబ్బు చాలావరకు ప్రైవేటు ఫైనాన్స్ నుంచే వస్తుంది. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ అనుకున్నా ఏడాదికి 24 శాతం. 20 కోట్ల అప్పుతో తీసిన సినిమా ఏడాదిపాటు డబ్బాలో ఉంటే దాదాపు 5 కోట్లు అదనపు భారం. ఆ సినిమా థియేటర్లలో సంపాదించే లాభం అంత ఉంటుందన్న భరోసా లేదు. అందుకే చిన్న, మధ్యతరహా చిత్రాల నిర్మాతలు ముందుగా ఓటీటీ గుమ్మం తొక్కారు.

2020 ఏప్రిల్ 29న ‘అమృతరామమ్’ జీ5లో నేరుగా విడుదలైంది. జూన్ 25న ‘కృష్ణ అండ్ హిజ్ లీల’ ముందస్తు ప్రకటన లేకుండానే నెట్‌ఫ్లిక్స్‌లో ప్రత్యక్షమైంది. జులైలో ‘భానుమతి అండ్ రామకృష్ణ’ ఆహాలో, ‘ఉమామహేశ్వర ఉగ్రరూపస్య’ నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చాయి. పేరున్న తారలతో తీసి, థియేటర్ కోసం ఆగిన ‘వి’ చివరకు సెప్టెంబరు 5న అమెజాన్ ప్రైమ్ వీడియోకు చేరింది. ‘నిశ్శబ్దం’, ‘ఆకాశం నీ హద్దురా’, ‘మిడిల్ క్లాస్ మెలొడీస్’ అదే దారి పట్టాయి. అక్టోబరు 23న ఆహాలో వచ్చిన ‘కలర్ ఫోటో’ ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం అందుకుంది.

నేరుగా ఓటీటీకి అమ్మితే నిర్మాతకు ఒకే ధర, ఒకే ఒప్పందం. సినిమా ఆడకపోయినా డబ్బు తిరిగి ఇవ్వక్కర్లేదు. బ్రహ్మాండంగా ఆడినా ఒప్పుకున్న దానికి మించి రాదు. థియేటర్ బేరంలో బయ్యర్, ఎగ్జిబిటర్ కూడా జూదంలో భాగస్థులు. ఓటీటీ బేరంలో జూదమంతా వేదికది. పాతిక, ముప్పై కోట్ల లోపు సినిమాకు ఈ పద్ధతి సరిపోయింది. వందల కోట్ల సినిమాకు సరిపోలేదు. అంత సొమ్ము థియేటర్ల నుంచే రావాలి. అందుకే చిన్న సినిమాలు ఇళ్లకు చేరుతుంటే పెద్ద సినిమాలు తేదీలు మార్చుకుంటూ కూర్చున్నాయి.

సీటు విడిచి సీటు

2020 అక్టోబరు 15 నుంచి సగం సీట్లతో థియేటర్లు తెరవడానికి కేంద్రం అనుమతించింది. తెలుగు రాష్ట్రాల్లో చాలా థియేటర్లు వెంటనే తెరుచుకోలేదు, ఎందుకంటే వేయడానికి కొత్త సినిమా లేదు. సగం సీట్లకు పెద్ద సినిమా ఇవ్వడానికి నిర్మాత సిద్ధంగా లేడు. పెద్ద సినిమా లేకుండా థియేటర్ తెరిస్తే కరెంటు బిల్లు కూడా గిట్టుబాటు కాదు. నవంబరు 23న తెలంగాణ ప్రభుత్వం కనీస విద్యుత్ చార్జీల మాఫీ, 10 కోట్ల లోపు బడ్జెట్ చిత్రాలకు రాష్ట్ర జీఎస్టీ తిరిగి చెల్లింపు వంటి రాయితీలు ప్రకటించింది. డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం మూడు నెలల ఫిక్స్‌డ్ చార్జీల మాఫీతో పాటు థియేటర్లకు వడ్డీ రాయితీ రుణాలను ఆమోదించింది.

హైదరాబాద్ మల్టీప్లెక్సులు డిసెంబరు 4న ‘టెనెట్’తో మొదలయ్యాయి. అసలు పరీక్ష క్రిస్మస్‌కు వచ్చిన ‘సోలో బ్రతుకే సో బెటర్’. సంక్రాంతికి ‘క్రాక్’ సగం సీట్లతోనే విజయం సాధించింది. ఫిబ్రవరి 1 నుంచి పూర్తి సామర్థ్యానికి అనుమతి దొరికాక కొత్త నటీనటుల ‘ఉప్పెన’, మార్చి 11న ‘జాతిరత్నాలు’ హౌస్‌ఫుల్ బోర్డులు పెట్టించాయి. అమెరికాలో సైతం ‘జాతిరత్నాలు’ 10 లక్షల డాలర్లు దాటింది. దేశంలోని చాలా ప్రాంతాలు ఇంకా వెనకాడుతున్న రోజుల్లో తెలుగు ప్రేక్షకుడు థియేటర్‌కు ముందుగా తిరిగొచ్చాడు.

ఈ ఊరట మూడు నెలలకు మించి నిలవలేదు. 2021 ఏప్రిల్ 9న ‘వకీల్ సాబ్’ వచ్చిన కొద్ది రోజులకే రెండో ఉధృతి తీవ్రమైంది. ఏప్రిల్ మూడో వారంలో తెలంగాణ ఎగ్జిబిటర్లు తమంతట తాముగా థియేటర్లు మూశారు. ‘లవ్ స్టోరీ’, ‘టక్ జగదీష్’ వాయిదా పడ్డాయి. విడుదలైన మూడు వారాలకే, ఏప్రిల్ 30న, ‘వకీల్ సాబ్’ ప్రైమ్‌లో ప్రత్యక్షమైంది.

రెండు వైపులా వారే

2021 జులైలో తగవు బయటపడింది. అక్టోబరు దాకా ఆగండి, సినిమాలను ఓటీటీకి అమ్మకండి అని ఎగ్జిబిటర్లు నిర్మాతలను కోరారు. అదే నెల 20న ‘నారప్ప’ నేరుగా ప్రైమ్‌లో విడుదలైంది. థియేటర్లలో రావలసిన ‘లవ్ స్టోరీ’కి, ప్రైమ్‌లో రావలసిన ‘టక్ జగదీష్’కు వినాయక చవితినాడు, సెప్టెంబరు 10నే, ముహూర్తం కుదరడంతో ఎగ్జిబిటర్లు విలేకరుల సమావేశం పెట్టి మరీ నిరసించారు. చివరకు ‘లవ్ స్టోరీ’ సెప్టెంబరు 24కు జరిగింది.

ఈ తగవును నిర్మాతలకూ థియేటర్లకూ నడుమ పోరుగా మాత్రమే చూస్తే సగమే అర్థమవుతుంది. తెలుగు రాష్ట్రాల్లో చాలా థియేటర్లు లీజు పద్ధతిలో నడుస్తాయి. ఆ లీజులు పెద్ద నిర్మాణ, పంపిణీ సంస్థల వద్ద ఉంటాయి. ‘వి’ని ఓటీటీకి ఇచ్చిన దిల్ రాజు నైజాంలో ప్రధాన పంపిణీదారు. ‘నారప్ప’, ‘దృశ్యం 2’ నిర్మించిన సురేశ్ ప్రొడక్షన్స్‌కు థియేటర్ల వ్యాపారంలో దశాబ్దాల అనుభవం. ఆహా వెనకున్న అల్లు అరవింద్ కూడా నిర్మాత, పంపిణీదారు. కొవిడ్ కాలంలో థియేటర్ ఆదాయం తగ్గినచోట వారికి డిజిటల్ ఆదాయం ఆసరా అయింది. ఒకే ఊళ్లో ఒకటో రెండో థియేటర్లున్న సొంతదారుకు అలాంటి రెండో దారి లేదు. నష్టం అతని మీదే ఎక్కువగా పడింది. కొన్ని సింగిల్ స్క్రీన్లు గోదాములుగా, ఫంక్షన్ హాళ్లుగా మారిపోయాయి.

ఆంధ్రప్రదేశ్‌లో దీనికి టికెట్ ధర సమస్య తోడైంది. 2021 ఏప్రిల్ 8న వచ్చిన 35వ నంబరు జీవో ప్రకారం గ్రామ పంచాయతీల్లోని నాన్ ఏసీ థియేటర్లో కింది తరగతి టికెట్ 5 రూపాయలు. సగటు ప్రేక్షకుడికి వినోదం అందుబాటులో ఉండాలన్నది ప్రభుత్వ వాదన. ఆ ధరకు నిర్వహణ ఖర్చే రాదన్నది యజమానుల వాదన. వ్యవహారం హైకోర్టుకు వెళ్లింది. 2022 మార్చిలో కనిష్ఠం 20, గరిష్ఠం 250 రూపాయలుగా కొత్త ధరలు వచ్చేదాకా ‘అఖండ’, ‘పుష్ప’ వంటి చిత్రాలు రెండు రాష్ట్రాల్లో రెండు రకాల ధరలతో నడిచాయి. తెలంగాణలో పరిస్థితి వేరు. అక్కడ 2021 జులైలో సింగిల్ స్క్రీన్లకు పార్కింగ్ రుసుము వసూలుకు మళ్లీ అనుమతి లభించింది. 30న ‘తిమ్మరుసు’, ‘ఇష్క్’ చిత్రాలతో తెరలు లేచాయి. డిసెంబరులో టికెట్ ధరలూ పెరిగాయి.

నాలుగు తేదీల సినిమా

పెద్ద సినిమా పడిన అవస్థకు ‘ఆర్ఆర్ఆర్’ మంచి ఉదాహరణ. 2021 జనవరి 8న రావలసిన చిత్రం షూటింగ్ ఆగిపోవడంతో అక్టోబరు 13కు, అక్కణ్నుంచి 2022 జనవరి 7కు జరిగింది. ప్రచారం అంతా ముగిశాక ఒమిక్రాన్ వచ్చింది. డిసెంబరు చివర ఢిల్లీలో థియేటర్లు మూతపడ్డాయి. మరికొన్ని రాష్ట్రాలు సగం సీట్లకు పరిమితం చేశాయి. ఒక్క భాషలో, రెండు రాష్ట్రాల్లో నడిచే సినిమాకైతే ఇక్కడ తలుపులు తెరిచి ఉంటే చాలు. ‘బంగార్రాజు’ ఆ ధైర్యంతోనే సంక్రాంతికి వచ్చి గట్టెక్కింది. అయిదు భాషల్లో అమ్మిన సినిమాకు దేశమంతా ఒకేసారి తెరిచి ఉండాలి. ‘రాధేశ్యామ్’ మార్చి 11కు వెళ్లింది. ‘ఆర్ఆర్ఆర్’ బృందం మార్చి 18 లేదా ఏప్రిల్ 28 అని ఒకేసారి రెండు తేదీలు ప్రకటించి, ఆఖరికి మార్చి 25న స్థిరపడింది. భారీ చిత్రాలు వెనక్కి జరిగిన కొద్దీ వాటి దారిలో ఉన్న మధ్యతరహా చిత్రాలూ తప్పుకోవలసి వచ్చింది.

మూడు వారాలా, ఎనిమిది వారాలా?

థియేటర్‌కూ ఇంటికీ మధ్య ఉండాల్సిన వ్యవధి ప్రపంచమంతటా కుదించుకుపోయింది. అమెరికాలో యూనివర్సల్ సంస్థ 2020 ఏప్రిల్‌లో ‘ట్రోల్స్ వరల్డ్ టూర్’ను నేరుగా ఇళ్లకు అందించింది. మొదట మండిపడిన ఏఎంసీ థియేటర్లు జులైలో 17 రోజుల వ్యవధికి ఒప్పుకున్నాయి. వార్నర్ బ్రదర్స్ 2021 చిత్రాలన్నింటినీ అక్కడ థియేటర్లోనూ హెచ్‌బీవో మాక్స్‌లోనూ ఒకే రోజు విడుదల చేసింది.

తెలుగులో ఎవరి లెక్క వారిదయింది. ‘పుష్ప’ మూడు వారాలకే, 2022 జనవరి 7న, ప్రైమ్‌లోకి వచ్చింది. ‘ఆచార్య’దీ మూడు వారాలే. ‘ఆర్ఆర్ఆర్’ మాత్రం ఎనిమిది వారాలు ఆగింది. నెల తిరక్కుండా ఇంట్లో చూడొచ్చని తెలిశాక, సినిమా బాగుందన్న మాట బయటికొచ్చేదాకా ఆగడం కుటుంబ ప్రేక్షకులకు అలవాటైంది. మొదటి వారాంతం దాటితే వసూళ్లు జారిపోసాగాయి. 2022 వేసవి తర్వాత హాళ్లు బోసిపోవడంతో ఆగస్టు 1 నుంచి నిర్మాతల గిల్డ్ షూటింగులు ఆపి చర్చలకు కూర్చుంది. ఎనిమిది వారాల నియమం ఆ చర్చల్లోంచే వచ్చింది. అదే నెలలో ‘బింబిసార’, ‘సీతారామం’, ‘కార్తికేయ 2’ వరుసగా ఆడటంతో జనం థియేటర్‌ను వదిలేశారన్న భయం కొంత తగ్గింది.

నియమం అందరికీ ఒకేలా అమలు కాలేదు. హిందీ వెర్షన్‌కు జాతీయ మల్టీప్లెక్సులు ఎనిమిది వారాలు పట్టుబడతాయి కనుక ‘కల్కి 2898 ఏడీ’, ‘పుష్ప 2’ ఆ గడువు పాటించాయి. ‘సలార్’ దక్షిణాది భాషల్లో నాలుగు వారాలకే ఓటీటీకి వచ్చి, హిందీలో ఎనిమిది వారాలు ఆగింది. ‘గుంటూరు కారం’ది నాలుగు వారాల వ్యవధి.

మిగిలిన మార్పు

డిజిటల్ హక్కులు ఒకప్పుడు అదనపు రాబడి. కొవిడ్ తర్వాత పెద్ద సినిమా బడ్జెట్‌కు అవే ప్రధాన ఆధారాల్లో ఒకటయ్యాయి. డబ్బు పెట్టేవారికి మాట కూడా దక్కింది. ఓటీటీ సంస్థ తన క్యాలెండర్‌లో స్లాట్ కేటాయిస్తే దానికి తగ్గట్టు థియేటర్ విడుదల కుదుర్చుకోవడం, ఆలస్యమైతే ఒప్పందపు ధర తగ్గడం మామూలైంది. డిజిటల్ బేరం తెగక పూర్తయిన సినిమాలు ఆగడమూ కొత్త సంగతే.

ప్రేక్షకుడి అభిరుచీ మారింది. లాక్‌డౌన్‌లో సబ్‌టైటిళ్లతో, డబ్బింగ్‌తో మలయాళ చిత్రాలకు అలవాటుపడ్డ తెలుగువారు 2024లో ‘ప్రేమలు’, ‘మంజుమ్మల్ బాయ్స్’ తెలుగు అనువాదాలను టికెట్ కొని చూశారు. మరోవైపు తారాబలం లేని సాధారణ తెలుగు సినిమాకు ‘ఓటీటీలో చూద్దాంలే’ అన్న మాట ఎదురవుతోంది.

థియేటర్ల ఆర్థిక పద్ధతి మాత్రం పాతదే. పెద్ద సినిమాకు వారం అద్దె, చిన్న సినిమాకు వసూళ్లలో పర్సంటేజీ ఇవ్వడం రివాజు. సినిమా బాగా ఆడితే లాభంలో తమకు వాటా లేదనీ, జనం రాకపోతే నష్టంలో మాత్రం ఉందనీ ఎగ్జిబిటర్ల ఫిర్యాదు. సినిమా యాభై రోజులు ఆడిన కాలంలో అద్దె కిట్టుబాటయ్యేది. పది రోజులకే కలెక్షన్ పడిపోయే కాలంలో కావడం లేదు. 2025 మేలో రెండు రాష్ట్రాల ఎగ్జిబిటర్లు అన్ని చిత్రాలకూ పర్సంటేజీ కావాలంటూ జూన్ 1 నుంచి మూసివేతకు సిద్ధపడి, చర్చల హామీతో విరమించారు. ఓటీటీ గడువు ఎన్ని వారాలైనా, మొదటి పది రోజుల రాబడిని నిర్మాత, పంపిణీదారు, థియేటర్ యజమాని ఏ నిష్పత్తిలో పంచుకోవాలన్నది తేలేదాకా సింగిల్ స్క్రీన్ల మూసివేత ఆగదు.