నిధి – సన్నిధి : ప్రాచీన విద్యాస్థానములలో లోహవస్తు నిర్ణయము

వాక్యార్థజ్ఞానమునకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అను మూడును హేతువులని నైయాయికుల సిద్ధాంతము. ‘గోవును’ అను పదమును ఒక జామునను, ‘తెమ్ము’ అను పదమును మరొక జామునను ఉచ్చరించినచో అర్థము కలుగదు. పదములు లోపింపలేదు, సన్నిధి లోపించినది. నేలలో దొరకిన నాణెమునకును, గంటమునకును ఈ న్యాయమే వర్తించును. శ్రీకాకుళ, విజయనగర ప్రాంతములందలి పాతబడుల దిబ్బలపై మెటల్ డిటెక్టరును ప్రయోగింపదలచినవారు మొదట గ్రహింపవలసినది ఇదియే.

ఈ లోహశోధక యంత్రమందలి తీగచుట్టలో మారుచుండు విద్యుత్ప్రవాహము చుట్టును అయస్కాంతక్షేత్రమును కల్పించును. ఆ క్షేత్రమున లోహమున్నచో దానిలో సుడిప్రవాహములు పుట్టును. యంత్రము వానిని పసికట్టి ధ్వనిగా తెలుపును. కావున అది చెప్పునది ‘ఇచట లోహమున్నది’ అను అస్తిత్వమాత్రమే. ఏ లోహమో కొంతవరకు ఊహింపవచ్చును; ఏ కాలమో, ఎవరిదో అది చెప్పజాలదు. పైగా మేకుల బాధ తప్పించుకొనుటకై ఇనుమును విడిచిపెట్టునట్లు యంత్రమును అమర్చుట కలదు. అపుడు తాటియాకుపై వ్రాయు ఇనుపగంటమును వానితోపాటే విడువబడును. అచట వీధిబడి నడచినదనుటకు నాణెముకంటె గంటమే బలమైన సాక్షి కదా! పలకముక్కను, మట్టి సిరాబుడ్డిని యంత్రము అసలే ఎరుగదు.

బౌద్ధవిహారములును అధ్యయనస్థానములే గనుక శాలిహుండము దీనికి తగిన నిదర్శనము. వంశధారా తీరమున, కళింగపట్నమునకు సమీపమున నున్న ఈ క్షేత్రమును 1919లో గిడుగు వేంకట రామమూర్తి గుర్తించిరి. వారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులై, శ్రీముఖలింగ శాసనముల వలన ప్రాచీనలిపి పరిచయము సంపాదించినవారు. తరువాతి త్రవ్వకములలో స్తూప, చైత్య శేషములతోపాటు బ్రాహ్మీ అక్షరములు గల మట్టిపాత్రల పెంకులు లభించినవి. అక్షరముల ఆకృతి, పెంకు దొరకిన పొర అను రెండును కలిసినపుడే అట్టివాని వలన కాలనిర్ణయము సాధ్యమగును. లోహశోధకమో, ఆ పెంకుల మీదుగా నిశ్శబ్దముగా సాగిపోవును.

నాణెమును గుర్తించుటలో లోహము, తూకము, వ్యాసము, బొమ్మ, లిపి అను క్రమము మేలు. ఒకవైపు పడుకొన్న నంది, రెండవవైపు ‘స’ అను అక్షరము, అంకుశము, రాజ్యవర్షసంఖ్య గల చిన్న బంగారు ఫణము తూర్పుగాంగులది. వి, ఓ, సి అను ఆంగ్లాక్షరములు పెనవేసికొన్న రాగినాణెము డచ్చి కంపెనీది. భీమునిపట్నమున వారి స్థావరముండెడిది గనుక ఈ సీమలో అది దొరకుట వింత కాదు. 1803 నాటి ఇరువది కాసుల నాణెముపై ఈస్టిండియా కంపెనీ చిహ్నమును, పారసీక లేఖనమును ఉండును. 1943–1947 నడుమ ముద్రింపబడిన చిల్లుకాణీని పెద్దలు చూచినంతనే గుర్తింతురు.

అయితే నాణెముపై సంవత్సరము పూర్వావధిని మాత్రమే తెలుపును. 1862 అని యున్న విక్టోరియా రూపాయలు ఆ తరువాతి యేండ్లలోను ముద్రింపబడినవి. ముద్రితమైన నాణెము దశాబ్దముల పాటు చేతులు మారును. అదే నాణెము పగులని గచ్చు క్రింద దొరకినచో ఆ గచ్చు అంతకుముందుది కాదని సిద్ధించును. ఎచట దొరకినదో వ్రాయక డబ్బాలో వేసినచో ఆ ప్రమాణము నశించును. చింతపండుతో తోమినచో అక్షరముల అంచులును చెడును.

ధర్మశాస్త్రములును నిధిని దొరకినవాని యిష్టమునకే విడువలేదు. మనువు, యాజ్ఞవల్క్యుడు రాజభాగమును విధించిరి; తెలుపక దాచినవానికి యాజ్ఞవల్క్యుడు దండము చెప్పెను. నిధిని తెలిపినవానికి కౌటిల్యుడు ఆరవభాగము నిచ్చెను. 1878 నాటి నిధి చట్టము పది రూపాయల విలువకు మించిన నిధి దొరకినచో దాని స్వరూపమును, దొరకిన చోటును, తేదీని కలెక్టరునకు వ్రాతమూలముగ తెలుపవలెనని శాసించినది. చోటును చెప్పుమనుటలో సన్నిధి రక్షణమే కలదు. 1958 చట్టము ప్రకారము రక్షితప్రదేశములలో అనుమతి లేక త్రవ్వరాదు. 1972 చట్టము నూరేండ్లు నిండిన నాణెమును పురావస్తువుగా పరిగణించును; శాస్త్ర సాహిత్యాది విలువ గల వ్రాతప్రతికి డెబ్బదియైదేండ్లు చాలును.

కావున పాతబడి గోడ కూలినపుడో, బావి పూడిక తీయునపుడో వస్తువు కంటబడినచో అధ్యాపకులు దానిని కదల్పనీయక, లోతును, దిక్కును, ప్రక్కనున్న వస్తువులను వ్రాసి, ఛాయాచిత్రము తీయించి, అధికారులకు తెలుపుట కర్తవ్యము. వీధిబడులకు దానశాసనములు చెక్కించినవారు అరుదు. అట్టి బడికి తుప్పు పట్టిన గంటమే, అది యున్న చోటుతో కూడినపుడు, శాసనమగును.