పెదవిపై పొక్కులు

జ్వరము తగ్గు దినములలో పెదవి యంచున నీటిపొక్కులు గుంపుగా లేచుట కలదు. “మూతి పేలినది, ఇక జ్వరము పోయినట్లే” యని పెద్దలందురు. మేమును చాలకాల మట్లే నమ్మితిమి. కాని వీనికి మూలము హెర్పిస్ అను వైరసు. ఇది తఱచుగా చిన్ననాడే ముద్దువలననో యెంగిలివలననో లోనికి జొచ్చి, ముఖపు నరముల మొదట జీవితాంతము దాగియుండును. జ్వరము, ఎండ, అలసట దానిని మేలుకొలుపును. 2020 నాటి యంచనా ప్రకారము లోకమున 50 ఏండ్లలోపువారిలో నూటికి 64 మందియందిది కలదు. కావున పొక్కులు గలవానిని జూచి నవ్వ బనిలేదు.

పొక్కులు చెమ్మగా నున్నపుడు అంటు మెండు. పొక్కు లేనపుడును ఒక్కొక్కసారి ఉమ్మివలన నంటును. వసతిగృహమున ఒకే గ్లాసును కఱచి త్రాగువారును, ఒకే తువాలుతో మూతి తుడుచుకొనువారును దీని నెఱుగవలెను.

సాధారణముగా పది దినములలో నివి తామే మానును. పెదవి చురుచురలాడు తొలినాడే వైద్యుని యనుమతితో ఎసైక్లోవిర్ మొదలిడిన కొంత త్వరగా మానును. రెండు వారములకును మానకున్నను, కన్ను ఎఱ్ఱబడి నొప్పిపెట్టినను వైద్యునికి జూపవలెను. కంటి విషయమున ఒకనాడైనను జాగు కూడదు.

ఇంట పురిటిబిడ్డ యున్నచో, పొక్కు పూర్తిగా మానువఱకు ఎంత ముద్దు వచ్చినను ముద్దాడరాదు. నెలలోపు శిశువునకు ఈ వైరసు ప్రాణాంతకము కావచ్చును. అట్టి బిడ్డ పాలు త్రాగక మత్తుగా నున్నను, జ్వరపడినను, ఒంటిపై పొక్కు కనబడినను, తెల్లవాఱువఱకు వేచియుండక ఆసుపత్రికి గొనిపోవలెను.