కొమ్మముక్కలతో తోటమొక్కలు పెంచు విధము

మాఘము వెడలి ఫాల్గుణము ప్రవేశింపగనే చెట్లు చిగుర్ప నారంభించును. ఈ దినములలో తోట పెట్టదలచిన రైతులు పలువురు మొక్కకింత యని వెల యిచ్చి దూరమునుండి నారు తెచ్చుకొనుచున్నారు. మల్లె, నందివర్ధనము, గులాబి, దానిమ్మ, అంజూర, మల్బరీ మున్నగువానిని కొమ్మముక్కలనుండియే పెంచవచ్చునని వారెరుగనిది కాదు. పెట్టినవానిలో సగమైనను బ్రదుకకుండుటచే విసిగి మానినవారే పెక్కురు. ఆ ముక్క లేల చచ్చునో తెలిసినచో వానిని బ్రదికించుట కష్టము గాదు.

విత్తనమునుండి పుట్టిన మొక్క తల్లిని పోలునను నిశ్చయము లేదు. కొమ్మనుండి పుట్టినదానికి తల్లి గుణములన్నియు వచ్చును. ఢిల్లీ కనకాంబరమును కొమ్మలతోనే పెంచుటకు కారణ మది విత్తనము గట్టకుండుటయే. అయితే తల్లి గుణములతోపాటు తల్లి తెగులును వచ్చును. దానిమ్మకు వచ్చు బాక్టీరియా మచ్చతెగులు ఇట్లే నారువెంట తోటనుండి తోటకు ప్రాకును. కావున బాగుగా కాచి, తెగులు లేని చెట్టును ముందుగనే గురుతు పెట్టుకొని, దానినుండియే కొమ్మలు కోయవలయును.

మల్బరీకి 6 మొదలు 8 నెలల వయస్సుగల, పెన్సిలు లావు కొమ్మలు తగినవి. లేత కొనను, మిక్కిలి ముదిరిన మొదలును విడిచి, నడిమి భాగమును 6 మొదలు 8 అంగుళముల ముక్కలుగా, ఒక్కొక్కదానికి 3, 4 కణుపు లుండునట్లు కోయవలయును. కత్తి పదునుగా నుండవలెను; బెరడు చీలినచో ముక్క క్రుళ్లును. అడుగు కోత కణుపునకు దిగువగా ఏటవాలుగ నుండవలెను. మల్లె, కనకాంబరములకు కొంచెము ముదిరిన కొమ్మలు మేలు. వాని క్రింది యాకులు త్రుంచి, పైన రెండాకులు మాత్రముంచవలయును. కోసిన ముక్కలను తడిగోనెలో చుట్టి నీడనుంచి, వీలైనచో నాడే నాటవలయును.

ఎఱ్ఱమన్ను, ఇసుక, బాగుగా మాగిన పశువులయెరువు కలిపి ఎత్తుమడి కట్టవలెను. ముక్కను తలక్రిందు చేయక, ఒక కణుపు పైన గనబడునట్లు కొంచెము వాల్చి నాటి, చుట్టు మన్ను గట్టిగా నదుమవలయును. మన్ను తడిగా నుండవలెనే గాని నీరు నిలువరాదు.

ఇక ముఖ్యవిషయము. ఒకమారు మా మడిలో పెట్టిన ముక్కలన్నియు పదిదినములకే చిగుర్చెను. మేమును సంతసించి, పైనున్న పందిరి తీసివేసితిమి. వారము తిరుగకమునుపే అన్నియు వాడిపోయెను. పెరికి చూడగా ఒక్కదానికిని వేరు లేదు. కొమ్మలో నిలువయున్న ఆహారముతోనే తొలి చిగురు వచ్చును. వేరు తరువాత పుట్టును. ఈలోపల ఎండ తగిలినచో ఆకునుండి పోవు నీటిని తిరిగి తెచ్చునది లేదు. కావున చిగురు చూచి మోసపోరాదు. వేరు పుట్టువరకు కొబ్బరిమట్టల పందిరియో, నీడవలయో తప్పదు. పిమ్మట నీడను కొంచెము కొంచెముగా తగ్గింపవలయును.

1935లో అమెరికాలో జిమ్మర్మన్, విల్కాక్సన్ అను శాస్త్రజ్ఞులు ఇండోల్ బ్యూటిరిక్ ఆమ్లము కొమ్మలకు వేళ్లు పుట్టించునని ప్రకటించిరి. నేడు అంగళ్లలో దొరకు వేరుపొడులలో పెక్కింట నుండున దిదియే. కష్టముగా వేరు పట్టువానికి దీనిని కొద్దిగా అడుగున అద్దిన మేలు కలుగును. కాని తడియు నీడయు లేనిచోట ఏ పొడియు పనిచేయదు.

కాలము విషయమున తావునెరిగి నడువవలెను. పలమనేరు, కుప్పము మెట్టసీమలలో ఎండ కొంత తక్కువ; తిరుపతి, శ్రీకాళహస్తి వైపున ఉగాది దాటగనే వడగాలి మొదలగును. నూతిలో నీరు గలవారు ఫాల్గుణములోనే ముక్కలు పెట్టినచో, 3, 4 నెలలకు మల్బరీ నారు తయారై తొలకరికి చేనిలో నాటుటకు సరిపోవును. నీటివసతి లేనివారు వేసవిలో తొందరపడక, వానలు పడినపిదప పెట్టుట మేలు.

ఒక్కొక్కరు ఒక్కొక్క మడియు పందిరియు వేసికొనుటకంటె, నూతిగల యొక సభ్యుని దొడ్డిలో నలుగురు కలిసి నారు పెంచినచో వ్యయము తగ్గును. మంచి చెట్టు కొమ్మ అందరికి దక్కును. ఈ యేడు నూరు ముక్కలతోనైన నారంభించి చూడుడు.