తుఫానుకి ముందా, తర్వాతా? ఫ్లైట్ సిమ్యులేటర్‌లో మల్బరీ హార్బర్ కట్టడం

పోయిన ఎపిసోడ్ చివర్లో ఒక స్క్రీన్‌షాట్ చూపించాను, గుర్తుందా? సముద్రంలో వరసగా కాంక్రీట్ పెట్టెలు, వాటి లోపలి వైపు నీళ్ల మీద తేలే రోడ్డు. "అన్నా, అది ఏ పోర్టు?" అని అడిగారు. అసలు అక్కడ పోర్టే లేదండి. లేదు కాబట్టే బ్రిటన్‌లో ముక్కలు ముక్కలుగా కట్టి, టగ్ బోట్లతో ఇంగ్లిష్ ఛానల్ దాటించి, ఫ్రాన్స్ ఒడ్డున పెట్టారు. పేరు మల్బరీ.

కథ చిన్నగా చెప్పేస్తా. 1942 ఆగస్టులో డియెప్ అనే రేవు మీద దాడి చేసి మిత్రదేశాల సైన్యం ఘోరంగా దెబ్బతింది. జర్మన్ల చేతిలో ఉన్న రేవుని నేరుగా పట్టుకోవడం ఎంత కష్టమో తెలిసొచ్చింది. మరి లక్షలమంది సైనికులకి తిండి, పెట్రోలు, గుళ్లు ఎలా దింపాలి? రేవుని మనమే పట్టుకెళదాం అనుకున్నారు. 1944 జూన్ 6న నార్మండీలో దిగాక రెండు హార్బర్లు మొదలుపెట్టారు. ఓమాహా బీచ్ దగ్గర అమెరికన్లది, ఆరోమాంచ్ దగ్గర బ్రిటిష్ వాళ్లది.

ఇప్పుడు నా పని. నేను వాడేది ఎక్స్-ప్లేన్. మోడల్ బ్లెండర్‌లో చేసి, వరల్డ్ ఎడిటర్‌లో మ్యాప్ మీద పెడతా. రెండూ ఫ్రీ, మీరూ ట్రై చేయొచ్చు. అలలు ఆపే కాంక్రీట్ పెట్టెల్ని ఫీనిక్స్ అంటారు. అన్నిటికన్నా పెద్దది దాదాపు 60 మీటర్ల పొడవు, 18 మీటర్ల ఎత్తు, బరువు 6,000 టన్నులు. మోడలింగ్‌లో మాత్రం ఇది చాలా సులువు, పెట్టె పెట్టే కదా. ఒకటి చేసి వందసార్లు వాడుకోవచ్చు. నేనూ అదే చేశా. వెయ్యి అడుగుల ఎత్తు నుంచి చూస్తే టైల్స్ అతికించినట్టు కనిపించింది! నిజానికి ఫీనిక్స్‌లు ఆరు సైజులు. లోతు తక్కువ ఉన్నచోట చిన్నవి, ఎక్కువ ఉన్నచోట పెద్దవి. సైజులు మార్చాకే వరసకి ప్రాణం వచ్చింది.

అసలు తలనొప్పి ఆటుపోట్లతో. అక్కడ పోటుకీ పాటుకీ తేడా 6 మీటర్ల పైనే, అంటే రెండంతస్తుల ఇల్లంత. ఓడ లేస్తుంది, దిగుతుంది. దాన్నుంచి లారీ దిగాల్సిన వంతెన కదలకుండా ఉంటే ఎలా? మా గోదావరి వైపు వాళ్లకి ఇట్టే అర్థమవుతుంది. నరసాపురం రేవులో బళ్లు ఎక్కించుకుని గోదావరి దాటే పంటు ఉంది కదా, అలాంటి దానికి నాలుగు పొడవాటి ఉక్కు కాళ్లు పెట్టారనుకోండి. కాళ్లు సముద్రం అడుగున నిలబడతాయి. పంటు మాత్రం నీటితో పాటు ఆ కాళ్ల వెంట పైకీ కిందకీ జరుగుతుంది. అక్కణ్నుంచి ఒడ్డుదాకా తేలే రోడ్డు. ఒక్కో ముక్క 80 అడుగులు, కింద బీటిల్స్ అనే తేలే డబ్బాలు. ఈ రోడ్డు డిజైన్ అలన్ బెకెట్ అనే ఇంజనీరుది.

సిమ్యులేటర్‌లో సముద్రం ఎప్పుడూ ఒకే మట్టంలో ఉంటుంది. అందుకని నేను ఒక గంటని ఎంచుకోవాలి. పోటు సమయమైతే పెట్టెలు చాలావరకు మునిగి, ఉక్కు కాళ్లు పొట్టిగా కనిపిస్తాయి. పాటు సమయమైతే ఒడ్డు దగ్గరి బీటిల్స్ ఇసుక మీద కూర్చుంటాయి, రోడ్డు వంకరపోతుంది. మొదట నేను రోడ్డేమో పోటుకి, పెట్టెలేమో పాటుకి పెట్టేశా. రెండు వారాలు నాకే తెలియలేదు! 1944లో విమానం నుంచి తీసిన ఫొటోల్లో నీడల పొడవు కొలుస్తుంటే దొరికింది. ఇప్పటి శాటిలైట్ ఫొటో మీద మాత్రం పూర్తిగా ఆధారపడకండి. ఆరోమాంచ్ ముందు మిగిలినవి కనిపిస్తాయి గానీ చాలావరకు విరిగి, ఒరిగిపోయాయి.

తర్వాత ఇంకో ప్రశ్న: ఏ రోజు? జూన్ 19న తుఫాను మొదలై 22 దాకా కొట్టింది. ఓమాహా దగ్గర తేలే రోడ్డు వాడటం మొదలై అప్పటికి వారం కూడా కాలేదు, మొత్తం ధ్వంసమైంది. దాన్ని వదిలేసి, పనికొచ్చే భాగాలు ఆరోమాంచ్ రిపేరుకి తీసుకెళ్లారు. అమెరికన్లు ఆ తర్వాత సరుకుని నేరుగా బీచ్ మీదే దింపారు. నేనేమో రెండు హార్బర్లూ నిగనిగలాడుతూ పెట్టేశా, చూడ్డానికి బాగుంటుందని. కానీ జులైలో డకోటా నడిపేవాడికి అక్కడ కనిపించాల్సింది చెత్తకుప్పలా పడి ఉన్న ఉక్కు.

సరే అని తుఫాను తర్వాతి వెర్షన్ మొదలుపెట్టా. విరిగిన ముక్కల్ని మౌస్‌తో ఇష్టమొచ్చినట్టు చల్లేశా. నిజం చెప్పాలంటే, దాని మీదుగా ఒకసారి ఎగిరాక సిగ్గేసింది. ఎంతోమంది ఆ అలల్లో ఆ రోడ్డుని కాపాడుకోవడానికి పాట్లు పడ్డారు, నేను డెకరేషన్ చేస్తున్నా. మొత్తం డిలీట్ కొట్టి, ఫొటో చూస్తూ ఒక్కో ముక్కా మళ్లీ పెడుతున్నా.

అందుకే రెండు ఫోల్డర్లు ఇస్తా: జూన్ 18 ఒకటి, జూన్ 23 ఒకటి. రెండూ ఒకేసారి ఆన్ చేయకండి, ఓడల్లోంచి ఓడలు పొడుచుకొస్తాయి. ఎనిమిది జీబీ ర్యామ్ ఉన్నవాళ్లు షాడోస్ తగ్గించుకోండి, నా పాత ల్యాప్‌టాప్ ఆరోమాంచ్ దగ్గర ఇప్పటికీ ఆయాసపడుతోంది. మొదటి ఫోల్డర్ రెడీ. రెండోది ఓమాహా పడమటి వైపు ఇంకా మిగిలుంది, అది అయ్యాక కలుద్దాం. బై.