విసిరే చేతికి ఐసు: ఎప్పుడు మేలు, ఎప్పుడు కీడు?

షాట్‌పుట్, డిస్కస్, జావెలిన్ - చూసేవారికి ఇవి కండబలం ఆటలనిపిస్తాయి. నిజానికి ఇవి వేగంతో కూడిన ఆటలు. పురుషుల గుండు 7.26 కిలోలు, ఈటె 800 గ్రాములు. ఏది విసిరినా బలం కాళ్ళలో పుట్టి, నడుము మీదుగా భుజానికెక్కి, రెప్పపాటులో వేలికొసలకు చేరాలి. ఈటె విసిరేవారిలో ఈ దారిలో ఎక్కువగా నలిగేది మోచేయి లోపలి పక్క. నీరజ్ చోప్రా అంతటివాడికి 2019లో కుడి మోచేతికి ఆపరేషన్ జరిగి, ఆ ఏటి దోహా ప్రపంచ పోటీలు తప్పిపోయాయి. ఆ చేత్తోనే 2021లో టోక్యోలో 87.58 మీటర్లు విసిరి స్వర్ణం తెచ్చాడు.

మన మైదానాల్లో ఎవరి చేయి నొప్పి పెట్టినా మొదట వినబడేది "ఐసు తెండిరా" అన్న కేకే. ఐసుకేం కరువు? బోధన్ చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడినా చెరుకు రసం బండ్లు మూతపడలేదు గదా! అయితే దాన్ని ఎప్పుడు పెట్టాలి, ఎప్పుడు పెట్టకూడదు అన్నది తెలుసుకోవాలి.

చల్లదనం తగలగానే రక్తనాళాలు ముడుచుకుంటాయి. నరాల్లో వార్త నడిచే వేగం తగ్గుతుంది. అందుకే నొప్పి తగ్గినట్లుంటుంది. గాయం మానిందని కాదు సుమా! 1978లో అమెరికా వైద్యుడు గేబ్ మిర్కిన్ గాయాలకు విశ్రాంతి, ఐసు, కట్టు, ఎత్తున ఉంచడం అనే నాలుగు సూత్రాలు చెప్పాడు. లోకమంతా వాటిని పాటించింది. 2014లో ఆయనే, ఐసు గాయం మానడాన్ని ఆలస్యం చేయవచ్చునని తన మాటను సవరించుకున్నాడు. వాపుతోపాటే మరమ్మతు చేసే కణాలు కూడా వస్తాయి మరి.

ఇక విసరబోయే ముందు ఐసు పనికిరాదు. చల్లబడ్డ కండరం మెల్లగా ముడుచుకుంటుంది, చేయి ఎక్కడుందో తెలిసే స్పృహ కూడా మందగిస్తుంది. మొద్దుబారిన చేత్తో విసిరితే దూరం తగ్గడమే కాక, ఉన్న గాయం తెలియకుండానే ముదురుతుంది. డిచ్‌పల్లి చలికాలపు ఉదయాల్లో ముందుగా పరుగు, కసరత్తు చేసి ఒళ్ళు వేడెక్కించాల్సింది ఇందుకే. మే నెల ఎండల్లో నీడ పట్టున కూర్చుని ముఖానికి, మెడకు తడి తువ్వాలు వేసుకోండి. విసిరే చేతిని మాత్రం చల్లబరచవద్దు.

బరువులెత్తిన రోజున చన్నీటి తొట్టిలో కూర్చోవడమూ మంచిది కాదు. 2015లో 'జర్నల్ ఆఫ్ ఫిజియాలజీ'లో వచ్చిన పరిశోధన ప్రకారం, 12 వారాల పాటు ప్రతి వ్యాయామం తర్వాత 10 డిగ్రీల నీటిలో 10 నిమిషాలు గడిపినవారికి కండ, బలం తక్కువగా పెరిగాయి. ఐసు ఉపయోగపడేది పోటీల రోజుల్లో. ఇవాళ డిస్కస్, రేపు ఈటె ఉన్నవారికి సాయంత్రం 10-15 డిగ్రీల నీటిలో పది నిమిషాలు ఉంటే మరునాటి ఒళ్ళునొప్పులు తగ్గుతాయి.

ఐసు పెట్టేటప్పుడు నేరుగా చర్మం మీద పెట్టకండి. తడిగుడ్డ అడ్డం ఉంచి 10-15 నిమిషాలకు మించకుండా పెట్టండి. ఐసులో ఉప్పు కలపవద్దు. చలి సున్నా కంటే బాగా కిందికి దిగి చర్మం కాలినట్లవుతుంది. అన్నింటికన్నా ముఖ్యం, మోచేయి వెనక లోపలి పక్కన, తగిలితే జివ్వుమనే చోటును వదిలేయండి. అక్కడ అల్నార్ నరం చర్మం కిందనే ఉంటుంది. 1915లో డాక్టర్ ఇసబెల్ కెర్ డిచ్‌పల్లిలో స్థాపించిన కుష్ఠు చికిత్సాలయం సంగతి మనకు తెలుసు. ఆ వ్యాధి తరచుగా దెబ్బతీసేది ఈ నరాన్నే. అది పాడైతే చిటికెన వేలు, ఉంగరపు వేలు వంకరపోతాయి. అతి చలి కూడా ఆ నరానికి హాని చేయగలదు.

కనుక మిత్రులారా, ఆ రెండు వేళ్ళలో తిమ్మిరి వచ్చినా, విసిరేటప్పుడు 'టప్'మన్నా, రాత్రి నొప్పికి నిద్ర పట్టకపోయినా ఐసుతో సరిపెట్టుకోక డాక్టరును కలవండి. అంతర్ కళాశాలల పోటీలు వచ్చే ఏడూ జరుగుతాయి. పరీక్ష రాయడానికి, బతుకంతా పని చేయడానికి ఆ చేయే కావాలి.